ముట్టుకోవద్దని చెప్పిన మనిషి

నేను ప్రొద్దుటూరులో పోస్టుమార్టం డాక్టరుగా ఉన్నప్పటి సంగతి ఇది. జమ్మలమడుగు రోడ్డులో లారీ గుద్ది చనిపోయిన ఒకాయన్ను ఒక ఉదయం మార్చురీకి తెచ్చారు. పంచనామా అయిపోయింది. నా సహాయకుడు, యాభై దాటిన మనిషి, బల్ల కడిగి సిద్ధం చేశాడు. నేను గ్లవ్స్ వేసుకుంటుండగా చనిపోయినాయన భార్య తలుపు దగ్గరికి పరుగెత్తుకొచ్చింది. పులివెందుల దగ్గర పల్లెలో టీచరట.

"ఆయన్ను ముట్టుకోవద్దండి మేడమ్! మందు తాగిండాడు."

మా వైపు ఆ మాటంటే పురుగుమందే. పక్కనున్న కానిస్టేబుల్ గబగబా నోటుబుక్కు తీశాడు.

"ఆ మందు కాదప్పా," అని ఆమె సంచిలోంచి ఒక కార్డు తీసి నాకిచ్చింది. గొంతు దగ్గర థైరాయిడ్ గ్రంథిలో క్యాన్సరు గడ్డ తీసిన తర్వాత, వారం కిందట పెద్దాసుపత్రిలో రేడియేషన్ మందు తాగించారట. "ఇంట్లో నేనే దూరం దూరంగా ఉండా. మీరు తెలీక చెయ్యి పెడితే ఎట్లా?"

భర్త పోయిన పూటే పరాయివాళ్ల చేతుల గురించి ఆలోచించిన మనిషిని నేను అంతవరకూ చూడలేదు.

కార్డు మీది నంబరుకు ఫోన్ చేశాను. ఆ ఆసుపత్రి రేడియేషన్ అధికారి, శవాన్ని కొన్నాళ్లు ఫ్రీజర్లో ఉంచమన్నాడు. ఆ మందు రోజురోజుకూ తగ్గిపోతుందట. బంధువులు గొడవ చేశారు. "మట్టి చెయ్యకుండా ఎన్నాళ్లు పెట్టుకుంటారు?" అన్నారు. ఆమే అడ్డం నిలబడింది. "పాస్టరుగారికి నేను చెప్పుకుంటా, మీరు పోండి" అంది.

నాలుగో రోజు ఆ అధికారి రేడియేషన్ కొలిచే మీటరుతో వచ్చాడు.

"కంటికి కనపడదు, వాసన రాదంటాండారు. యాడుందో నాకెట్లా తెలుస్తాది సార్?" అని అడిగాడు నా సహాయకుడు.

"రక్తంలో, మూత్రంలో ఉంటుంది. చిందకుండా చూసుకో, చాలు."

"అంతే గదా!"

నేలంతా ప్లాస్టిక్ పట్టా పరిచాము. రెండేసి జతల గ్లవ్స్, పొడవాటి ఏప్రన్లు, ముఖానికి అడ్డాలు, కాళ్లకు తొడుగులు వేసుకున్నాము. మొదట మూత్రం తీసి సీసాలో మూసేశాము. దెబ్బ తలకు తగిలింది కాబట్టి పుర్రె తెరవక తప్పలేదు. పొడి లేవకుండా తడిగుడ్డ కప్పి, చేతి రంపంతో నా సహాయకుడు నిదానంగా కోశాడు. చేతిలో పని లేని ప్రతిసారీ ఇద్దరం గోడ దాకా వెనక్కి జరిగేవాళ్లం. ఒక్క చుక్క కింద పడినట్టు కనపడలేదు. అంత శుభ్రమైన పనితనం నా సర్వీసులో మళ్లీ చూడలేదు.

చివర్లో అధికారి మా ఒళ్లంతా మీటరుతో చూశాడు. సహాయకుడి కాలి తొడుగు దగ్గర అది టకటకా మోగింది. అతను కదలకుండా నిలబడి, ఆ తొడుగును లోపలిది బయటికొచ్చేలా ఒలిచి సంచిలో వేశాడు. మళ్లీ పెడితే మోగలేదు.

రెండు కవర్లలో మూసిన శవాన్ని అప్పగిస్తూ, విప్పవద్దనీ స్నానం చేయించవద్దనీ ఆమెకు చెప్పాను. తలూపి, నా సహాయకుడి వైపు తిరిగింది.

"నీకేం కాలేదు గదా మామా?"

అతను రెండు అరచేతులూ చూపించాడు. "శానా బాగుండా తల్లీ. నువ్వు ముందే చెప్పబట్టి."

అప్పుడు ఆమె మెట్టు మీద కూలబడి, నాలుగు రోజుల్లో మొదటిసారి గట్టిగా ఏడ్చింది.