బ్రేకు మాస్టారి కుడికాలు

డ్రైవింగ్ నేర్పే ఆయన్ని ఊళ్లో అందరూ బ్రేకు మాస్టారనే పిలిచేవారు. డ్రైవింగ్ స్కూలు కారులో పక్కసీటు ముందు కూడా ఒక బ్రేకు ఉంటుంది కదా, ముప్పయ్యేళ్లుగా ఆయన కుడికాలు దాని మీదే కాపురం పెట్టింది. ఆ కాలి గొప్పతనమేమిటంటే, అది నొక్కినట్టు నేర్చుకునేవాళ్లకు తెలిసేదే కాదు. తామే ఆపామనుకుని మురిసిపోతూ దిగేవారు. మాస్టారు లోలోపల నవ్వుకునేవారే తప్ప ఆ మురిపెం ఎప్పుడూ చెడగొట్టలేదు.

అలాంటి మనిషికి, ఏదైనా అడ్డొస్తే తనంతట తానే ఆగే కార్లంటే అరికాలి మంట నెత్తికెక్కేది. "కళ్లూ కాళ్లూ మనకుండగా డబ్బాకి అప్పజెప్పడమేంటి?" అని విరుచుకుపడేవారు. ఆయన కిటుకులు మాత్రం గట్టివే. ఆగివున్న వ్యాను పక్కనుంచి వెళ్లేటప్పుడు దాని కిందికి చూడమనేవారు. అవతల కాళ్లో చక్రాలో కదులుతుంటే ముందే తెలిసిపోతుంది.

ఆయన భార్య బట్టలు కుట్టేది. యాభై దాటాక ఆయన దగ్గరే డ్రైవింగ్ నేర్చుకుంది. నేర్చుకున్నన్నాళ్లూ ఇంట్లో ఇద్దరికీ మాటల్లేవు. లైసెన్సు వచ్చాక తనకు నచ్చిన కారు కొనుక్కుంది, అదీ తనంతట తానే ఆగే రకం. మాస్టారి ఎడమ మోకాలికి ఆపరేషన్ అయ్యాక, వ్యాయామం చేయించే చోటికి ఆమే తీసుకెళ్లాల్సి వచ్చింది. కారు స్టార్టు చేసిన ప్రతిసారీ తనంతట తానే ఆగే ఆ ఏర్పాటు మళ్లీ మొదలయ్యేది. ప్రతిసారీ మాస్టారు చెయ్యి చాచి, మీట నొక్కి ఆపేసేవారు. "నేను పక్కనుండగా దానితో పనేంటి?"

ఆ రోజూ అలాగే ఆపేసి, ఊతకర్ర కాళ్ల దగ్గర సర్దుకుని, ఉపన్యాసం అందుకున్నారు. "అద్దం చూశావా? మలుపు అలాగేనా తిప్పేది?" సందు దాటగానే బేకరీ ముందు పాల వ్యాను ఆగివుంది. "వ్యాను కనిపిస్తే ఏం చూడాలి? చెప్పు!" అన్నారు ఆమె మొహంలోకి చూస్తూ. జవాబు చెప్పడానికి ఆమె ఇటు తిరిగింది. వ్యాను కిందికి ఇద్దరిలో ఒక్కరూ చూడలేదు.

వ్యాను వెనకనుంచి సైకిలు మీద ఒక పిల్ల అడ్డంగా వచ్చేసింది. మాస్టారి కుడికాలు బలంకొద్దీ తొక్కింది. కింద బ్రేకు లేదు, ఉత్త మ్యాటు. కారు మాత్రం ఒక్క కుదుపుతో ఆగింది. పిల్ల వాళ్లవంక బిత్తరచూపు చూసి, సైకిలు తొక్కుకుంటూ వెళ్లిపోయింది.

"నువ్వు నొక్కావా?" అన్నారు మాస్టారు.

"లేదండీ. నా కాలు లేచేలోపే ఆగింది."

"నేను ఆపేశాగా!"

"మీరు కర్ర సర్దుకుంటుంటే మళ్లీ పెట్టేశాను. రోజూ పెడుతూనే ఉన్నా."

ఆమె కారు పక్కకు తీసి స్టీరింగు వదిలేసింది. "ఇక నావల్ల కాదు. ఆటో పిలుద్దాం. ఈ జన్మకి దీన్ని ముట్టుకోను."

మాస్టారికి ఈ మాట కొత్త కాదు. ఇలా బెదిరి దిగినవాళ్లలో చాలామంది మళ్లీ ఎక్కలేదు. అంత పట్టుబట్టి నేర్చుకున్న మనిషి ఇప్పుడు దిగిపోతే, ఆ పాపం తన నోటిదే.

"వాగి వాగి నీ చూపు లాగేసింది నేను. ఉత్త నేల తొక్కిందీ నేనే," అన్నారు. "నువ్వు నా మాట వినలేదు గనకే ఆ పిల్ల క్షేమంగా ఇంటికెళ్తోంది. నీకు దణ్ణం పెట్టాలి."

"దణ్ణాలెందుకు గానీ, కాసేపు నోరు కట్టేసుకుంటారా?"

"కట్టేసుకుంటా. పోనివ్వు."

ఆమె కళ్లు తుడుచుకుని, అద్దం చూసి, కారు కదిలించింది. మాస్టారు ముందుకు వంగి, శిష్యుల భుజం తట్టినట్టు డ్యాష్‌బోర్డును మెల్లగా తట్టారు. ఇన్నేళ్లూ తను ఊరందరికీ చేసిన పనే అది ఇవాళ తమకు చేసిపెట్టింది. దానిమీద ఉన్న కోపమంతా ఎటుపోయిందో ఆయనకే తెలియలేదు.

వీధి చివర ఇంకో వ్యాను ఆగివుంది. మాస్టారు పెదవులు బిగపట్టుకున్నారు. ఆమె వేగం తగ్గించి, తల వంచి దాని కిందికి చూసింది. అవతల రెండు కాళ్లు కదులుతున్నాయి. ఆమే బ్రేకు నొక్కింది. మాస్టారి కుడికాలు సీటు కిందికి మడుచుకుని ఉంది.