శామ్యూల్ గారి అయిదు రూపాయల బిళ్ళ

మొన్న బొల్లారం రైల్వే గేటు దగ్గర, మా ముందున్న ఆటో ఎత్తు ఎక్కలేక గింజుకుంటుంటే క్లచ్ ప్లేట్లు మాడిన వాసన గుప్పుమంది. కారు అద్దాలు మూసే ఉన్నాయి, అయినా వాసన లోపలిదాకా వచ్చింది. ఆ వాసన తగిలితే నాకు ఇప్పటికీ శామ్యూల్ గారు గుర్తొస్తారు. ఆయన వెనకే నేను చేసిన తెలివితక్కువ పనీ గుర్తొస్తుంది.

రాష్ట్రం ఇంకా ఒకటిగానే ఉన్న రోజులవి. కాకినాడ నుంచి వచ్చి అల్వాల్‌లో స్థిరపడ్డాం. మా ఆయనకు మోటార్‌సైకిళ్ళ పిచ్చి. ఆ పిచ్చి తొమ్మిదేళ్ళ మా లహరికీ అంటించి, పిల్లలు మట్టి ట్రాకు మీద పందేల్లో నడిపే బుల్లి మోటోక్రాస్ బండి ఒకటి సెకండ్‌హ్యాండ్‌లో తెచ్చారు. చూడ్డానికి బొమ్మలా ఉన్నా గేర్లూ క్లచ్చూ అన్నీ ఉన్నాయి దానికి. అది ఇంటికొచ్చిన రోజు నుంచి నాకు అన్నం సయించలేదు. పైగా ఆయనది ఊళ్ళు తిరిగే ఉద్యోగం. శనివారం సాయంత్రాలు పిల్లనూ బండినీ ట్రాలీ ఆటోలో వేసుకుని బొల్లారంలో మెకానిక్ శామ్యూల్ గారి షెడ్డుకు వెళ్ళే పని నా నెత్తిన పడింది.

ఆయన సైన్యం వర్క్‌షాప్‌లో బళ్ళు బాగుచేసి రిటైరైన మనిషి. మాసిన గుడ్డతోనైనా సరే, పానాలను తుడవకుండా డబ్బాలో పెట్టేవారు కాదు. క్లచ్ సరిచేసేటప్పుడు లివర్ తాను నొక్కి చూసుకునేవారు కాదు, లహరిని సీటు మీద కూర్చోబెట్టేవారు.

"నొక్కు బిడ్డా. రెండు వేళ్ళతోనే నొక్కు. ఎట్లుంది?"

"కొంచెం గట్టిగా ఉంది తాతా."

"మరి జెప్పవేందే! నా చెయ్యి గాదు, నీ చెయ్యి జెప్పాలె."

కేబుల్‌కు నూనె పట్టించి, లివర్‌ను ఆ చిన్న వేళ్ళకు అందేలా జరిపి, చివర్న జేబులోంచి పాత అయిదు రూపాయల దళసరి బిళ్ళ తీసేవారు. లివర్ బిగువెక్కే లోపు దాని మొదట్లో ఆ బిళ్ళ దూరేంత సందు ఉండాలి. అదీ ఆయన కొలత.

"వదులైపోయింది కదండీ?" అని ప్రతిసారీ అడిగేదాన్ని.

"జెర వదులు ఉండాలెనమ్మా. అస్సల్ లేకుంటే క్లచ్ పూరా పట్టది. ప్లేట్లు జారుతయి, మాడుతయి. నువ్వు పరేషాన్ గాకు."

తలూపేదాన్నే గానీ నమ్మేదాన్ని కాదు. గేటు గడియ వదులైనా, పిల్ల జడలో రిబ్బను వదులైనా నాకు ఊపిరాడదు మరి.

లహరి మొదటి పందెం ఆదివారం వచ్చింది. ఆదివారం చర్చి అయ్యేదాకా శామ్యూల్ గారు ఏ బండినీ ముట్టరు. ముందురోజే అన్నీ సరిచేసి, "ప్రార్థన అయినంక సీదా గ్రౌండ్‌కే వస్తా. మీరేం ముట్టకుండ్రి" అని చెప్పి పంపారు. ఆ పొద్దున మా ఆయన పిల్ల పేరు రాయించడానికి వరసలో నిలబడ్డారు. బండి దగ్గర నేనొక్కదాన్నే. ఊరుకోలేక లివర్ కదిపి చూశాను. టకటకలాడింది. దారి కుదుపులకు ఏదో ఊడిందనుకున్నాను. బండితోపాటు తెచ్చుకున్న డబ్బాలోంచి పానా తీసి, ఆయన తిప్పగా చూసిన చోటే తిప్పి, ఆ కదలిక పూర్తిగా పోయేదాకా బిగించాను. అప్పుడు గానీ మనసు కుదుటపడలేదు.

మూడో చుట్టులో ఇంజను గోల పెడుతోంది, బండి మాత్రం ముందుకు లాగడం లేదు. మాడు వాసన మా దాకా వచ్చింది. మట్టిదిబ్బ సగం ఎక్కి ఆగి, పక్కకు ఒరిగి పడింది. వెనక వస్తున్న బండి వెంట్రుకవాసిలో పిల్లను తప్పించుకుపోయింది. లహరి ఎడమ మణికట్టు విరిగింది.

అప్పటికి శామ్యూల్ గారు వచ్చారు, ఇస్త్రీ చొక్కా మీదే ఉన్నారు.

"ఏం చేశారండీ బండిని? పిల్ల చచ్చిపోయేది!" అని మా ఆయన అరిచారు.

శామ్యూల్ గారు లివర్ కదిపి చూశారు. తర్వాత గ్రీజు అంటిన నా వేళ్ళ వంక చూశారు.

"నాదే తప్పు సార్. నేనే ఎక్వ బిగిచ్చిన."

నిజం చెప్పాలనే నోరు తెరిచాను. చెప్పకుండా గ్రీజు వేళ్ళు కొంగులో దాచుకున్నాను. ఆ మనిషి షెడ్డు గడప ఇక తొక్కేది లేదని ఆసుపత్రి దారంతా మా ఆయన అంటూనే ఉన్నారు, నేను వింటూనే ఉన్నాను. ఛీ, ఏం మనిషిని నేను!

మర్నాడు ఒక్కదాన్నే బొల్లారం వెళ్ళాను. గ్రౌండ్‌లో మేం వదిలేసి వచ్చిన బండిని ఆయనే షెడ్డుకు తెచ్చుకున్నారు. నల్లగా మాడిన ప్లేట్లు గుడ్డ మీద పరిచి ఉన్నాయి.

"ఎందుకలా చెప్పారండీ?" అని ఏడ్చేశాను.

"సార్ కోపం మీదుండె. నువ్వు గజగజ వణుకుతుంటివి. నడుమల పిల్ల ఏడుస్తుండె. గప్పుడు పంచాయితీ ఏందమ్మా?"

కొత్త ప్లేట్లు వేసి, పానా, బిళ్ళ నా చేతిలో పెట్టి, "ఇగ నువ్వే పెట్టు" అన్నారు. బిళ్ళ రెండుసార్లు కింద పడింది. మూడోసారి సందులో దూరింది.

"తల్లివి, భయపడు. ఎవరొద్దన్నరు? గని భయమైనప్పుడు పానా పట్టకు. ముందుగాల బిళ్ళ పెట్టి చూడు." బిళ్ళ నన్నే ఉంచుకోమన్నారు.

ఆ సాయంత్రమే మా ఆయనకు ఉన్నదున్నట్టు చెప్పేశాను. శనివారం ఆయన తానే షెడ్డుకు బయలుదేరారు. క్షమాపణ సగంలో ఉండగానే శామ్యూల్ గారు అడ్డుపడి, "పిల్ల చెయ్యి ఎట్లుంది సార్?" అన్నారు. కట్టు విప్పాక లహరి మళ్ళీ ఆయన సరిచేసిన బండే ఎక్కింది.

శామ్యూల్ గారు పోయి చాలా కాలమైంది. లహరి ఇప్పుడు సొంత మోటార్‌సైకిల్ మీద ఆఫీసుకు వెళుతుంది. అది హెల్మెట్ పెట్టుకునేలోగా నేను కిందికి దిగి లివర్ సందులో బిళ్ళ పెట్టి చూస్తాను.

"దూరిందా అమ్మా?" అని నవ్వుతుంది.

"దూరిందిలే, వెళ్ళిరా."

బండి వీధి మలుపు తిరిగేదాకా నా గుండె గుప్పెట్లోనే ఉంటుంది. పానా మాత్రం డబ్బాలోనే ఉంటుంది.