పదీ పన్నెండుకు వచ్చిన పిలుపు

దెయ్యాలను నమ్మడం మా ఇంట్లో నామోషీ. అలాంటి భయాలన్నీ మా లోగిలి గుమ్మం బయటే ఉండేవి. ఆ లోగిలి ఇప్పుడు ఫంక్షన్ హాలు. నేను అమలాపురంలో రెండు గదుల అద్దె ఇంట్లో ఉంటున్నాను. ఇల్లు మారింది కానీ నేను మారలేదు. కాబట్టి దీన్ని భయస్తుడి మాటగా తీసుకోకండి.

మాకొక పద్ధతి ఉంది. మనిషి వచ్చి, ఎదురుగా నిలబడి పిలవకపోతే ఎవరింటికీ వెళ్ళం. మలికిపురంలో ఉంటున్న మా చెల్లెలు సుభద్రకు ఈ సంగతి నాకంటే బాగా తెలుసు. అలాంటిది, ఏడేళ్ళ క్రితం కూతురి పెళ్ళికి నాకు శుభలేఖ ఫోనులో పంపింది. మేనమామను. వెళ్ళలేదు. పెళ్ళికూతురిని బుట్టలో ఎవరు మోసుకొచ్చారో ఎవరినీ అడగలేదు. మా తోబుట్టువుల్లో మిగిలింది మేమిద్దరమే. అయినా ఏడేళ్ళు మాటల్లేవు.

పోయిన ఫాల్గుణంలో ఒక మంగళవారం పొద్దున్న, పదీ పన్నెండుకు ఫోను మోగింది. తెలియని నంబరు. ఎత్తితే సుభద్ర. చిన్నప్పుడు కోరింతదగ్గు వచ్చి తగ్గిన దగ్గర్నుంచి, మాట మొదలుపెట్టే ముందు చిన్నగా ఊపిరి ఎగబీలుస్తుంది. ఆ ఊపిరితో సహా సుభద్రే.

"అన్నయ్యా, పనసపొట్టు కూర వండుతున్నాను. ఆవ నువ్వే నూరాలి. వచ్చెయ్యి."

అమ్మ ఉన్న రోజుల్లో ఆవ నూరడం నా వంతు. అది తెలిసినవాళ్ళు మేమిద్దరం తప్ప ఇప్పుడెవరూ లేరు.

పద్ధతి గుర్తుకే రాలేదు. ఇస్త్రీ చొక్కా తొడుక్కుని బస్సెక్కాను. బోడసకుర్రు వంతెన మీద కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. గాలికే.

సుభద్ర గుమ్మంలో నిలబడి ఉంది. జుట్టంతా తెల్లబడిపోయింది.

"వస్తానని ఫోను చేసి ఇంతసేపా? పొట్టు ఉడికి చల్లారిపోయింది కూడాను."

"నేనెక్కడ చేశాను? నువ్వే కదా చేశావు!"

"చాల్లే బెట్టు! ఆవ నేనే నూరతాను, నువ్వు ముట్టుకోకు అని చెప్పి, చివర్న నాన్నగారిలా 'మంచిదమ్మా' అనేసి పెట్టేసేవు కదా."

ఫోనులు రెండూ పక్కపక్కన పెట్టి చూశాం. నంబర్లు వేరు. నిమిషం మాత్రం ఒకటే, పదీ పన్నెండు. తిరిగి చేస్తే రెండూ వాడుకలో లేవని వచ్చింది.

ఆ వారం మేనకోడలు కీర్తి పుట్టింట్లోనే ఉంది. హైదరాబాదు కంపెనీకి ఏఐ పని ఇంటినుంచే చేస్తుంది. నా అనుమానం తన మీదికే పోయింది. తల్లి నెత్తిన చెయ్యి పెట్టి కాదంది. "నేను చేసేదాన్నే అయితే ఏడేళ్ళు ఆగేదాన్నా మావయ్యా?"

గొంతును దించడం ఇప్పుడు తేలికేనట, కాసేపటి మాట దొరికితే చాలునట. "కానీ మీ మాట ఎక్కడ దొరుకుతుంది? మీరు వాయిస్ మెసేజ్ కూడా పెట్టరు కదండీ" అంది. మోసగాళ్ళయితే ఏదో ఒకటి అడిగేవారు. ఇది ఏమీ అడగలేదు. మరి ఆవ సంగతి ఎలా తెలిసిందని కీర్తిని అడిగాను. "ఈ ఏఐలు ఏం నేర్చుకుంటున్నాయో చేసేవాళ్ళకే పూర్తిగా తెలియడం లేదు మావయ్యా" అంది. నవ్వకుండా అంది.

ఆవ నూరాను. ముగ్గురం కూర్చుని తిన్నాం. సుభద్ర నాకు మూడుసార్లు వడ్డించింది.

అది చేసింది మంచే. నా భయం అక్కడే. ఏడేళ్ళు బంధువులు బతిమాలినా వంగని నన్ను ఎక్కడ ముట్టుకోవాలో దానికి తెలిసింది. ఆ గొంతు ఇంటికి పిలిచింది కాబట్టి ఇంటికి వెళ్ళాను. గోదాట్లోకి రమ్మన్నా వెళ్ళేవాణ్ణే. రేపు ఒక్కొక్కళ్ళనీ వాళ్ళ అమ్మ గొంతుతోనో బిడ్డ గొంతుతోనో పిలిస్తే, ఊళ్ళకు ఊళ్ళు లేచి వెళ్ళవా?

ఇద్దరం ఒక ఆనవాలు మాట పెట్టుకుందామనుకున్నాం. ఆవ సంగతే తెలిసినదాని దగ్గర ఏ మాట దాచగలం?

మొన్న కీర్తి కూతురికి చెవులు కుట్టించారు. దానికి పిలవడానికి సుభద్ర కుంకుమ భరిణె పట్టుకుని, రెండు బస్సులు మారి వచ్చి, నా అద్దె ఇంటి గుమ్మం ముందు నిలబడింది. "అయ్యగారికి పిలుపండీ" అంది వెక్కిరింతగా. నేను ముందు తన చెయ్యి పట్టుకుని చూశాను. వెచ్చగా ఉంది. ఎందుకని తను అడగలేదు.

ఆ మంగళవారం నాకు ఈ జాగ్రత్త ఉండి ఉంటే బస్సెక్కేవాణ్ణి కాదు. ఆ రోజు మమ్మల్ని పిలిచిందెవరో ఇప్పటికీ నాకు తెలియదు.