పైపు మార్చనివ్వని మా బావ

మా బావది టాక్సీ, నాది మెకానిక్ పని. అక్క పోయాక కూడా మా ఇద్దరి మధ్యా బంధుత్వం తెగలేదు. ఆయన కారు రేడియేటర్ పైపులో సన్నటి చీలిక ఉంది. మారుస్తానంటే ఒప్పుకోడు.

"ఇప్పుడెందుకులేరా, నీళ్ళు పోసుకుంటున్నాగా."

"ఉత్త నీళ్ళు కూలెంట్ అవుతాయా బావా? ఇంజన్ మాడిపోతుంది!"

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే.

కూలెంట్ కారిపోతే ఇంజన్ వేడిని బయటికి మోసేది ఉండదు. ఎత్తు రోడ్డు ఎక్కేసరికి వేడి చూపే మీటర్లో సూది ఎర్రగీత దాకా పాకుతుంది. ఆ ఎత్తు చివర ఒక టైలరమ్మ కొట్టుంది. ఒంటరి మనిషి. బావ రోజూ ఖాళీ కారుతో, పనిగట్టుకుని ఆ చుట్టుదారినే వస్తాడు. నీళ్ళడుగుతాడు. వేడి మీద రేడియేటర్ మూత తీయకూడదు కదా, బల్ల మీద కూర్చుంటాడు. ఇంజన్ చల్లారినా ఈయన లేవడు. అలాగని నోరు విప్పి ఒక్క ముక్క మాట్లాడతాడా అంటే అదీ లేదు.

ఈ సంగతి తెలిసి మొదట నాకు ఒళ్ళు మండింది. తర్వాత, ఒక్క కంచం బోర్లించి ఉన్న ఆయన వంటిల్లు గుర్తొచ్చి జాలేసింది. అయినా పైకేమీ అనలేదు. ఆయన భయమంతా నేనేమనుకుంటానోననే.

నిన్న ఎత్తు మధ్యలోనే సూది కిందికి పడిపోయింది. కూలెంట్ పూర్తిగా ఖాళీ అయితే వేడి కొలిచే సెన్సర్ గాలిలో ఉండిపోయి సూది అబద్ధం చెబుతుంది. అది ఏ డ్రైవరుకైనా తెలుసు. ఈయనకేమో, ఇంజన్ చల్లగా ఉంది, ఇక ఆగడానికి సాకు లేదే అన్న దిగులు తప్ప ఇంకేమీ తోచలేదు. ఉసూరుమంటూ కొట్టు దాటేశాడు. మలుపు తిరగ్గానే ఇంజన్ పట్టేసి కారు ఆగిపోయింది.

ఫోన్ చేస్తే వెళ్ళాను. నేను బానెట్ ఎత్తేసరికి టైలరమ్మ బకెట్‌తో రొప్పుతూ వచ్చింది.

"నీళ్ళు పట్టి ఉంచానండీ. ఆగకుండా వెళ్ళిపోయారేం?"

బావ ఆవిడ వైపు చూడలేదు. నా వైపు చూశాడు.

"ఇంజన్ పోయింది బావా. నెల పడుతుంది," అన్నాను.

"నెలా! అప్పటిదాకా నేనిక్కడికి ఎలా రావాలిరా?"

అనేశాక నాలుక కరుచుకున్నాడు. టైలరమ్మ బకెట్ కింద పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకుంది.

"బస్సుంది కదండీ," అంది.

బావ ఇంకా నన్నే చూస్తున్నాడు. నాకు అక్క గుర్తొచ్చింది.

"కొట్టు ముందే ఆగుతుంది బావా," అన్నాను.