గంపలో హెలికాప్టర్

నేపాల్ కొండల్లో, ఫాప్లు ఇంకా రెండు గంటల నడక ఉందనగా, వానకి సగం కోసుకుపోయిన మలుపులో ఒక మనిషి నిలబడి తన గంపను తిడుతున్నాడు. నుదుటికి వేసుకునే మోత పట్టీ తెగింది. గంప వీపు మీద ఒక పక్కకి ఒరిగిపోయింది.

"చూస్తావేంటి బాజే, పట్టుకో. బురదలో పడిందంటే నా పని అయిపోయినట్టే."

బాజే అంటే తాత. నా గడ్డం చూసి ఈ దారుల్లో అందరూ అలాగే పిలుస్తారు. గంప అడుగున చేతులు పెట్టాను. బియ్యం బరువులా లేదు, ఒక మూలకే తూగుతోంది. పైన కప్పిన బొంత జారితే గాజు తెర అంచు కనిపించింది.

"టీవీనా?"

"హెలికాప్టర్."

నేను నవ్వాను. అతను నవ్వలేదు.

"నవ్వు బాజే. మా ఊరంతా నవ్వి అలిసిపోయింది. నువ్వొక్కడివే మిగిలావు."

పట్టీ ముడేసుకుని నడక సాగించాడు. నేనూ అటే కాబట్టి వెనకే నడిచాను. పేరు గ్యాల్జెన్. ఊరు గోమ్‌డింగ్, ఇక్కడికి ఒకటిన్నర రోజుల దూరం. ఇరవై ఏళ్ళు శిఖరాలెక్కే విదేశీ గుంపులకి వంట చేశాడు. గంపలో ఉన్నది పాత కంప్యూటర్, దాని తెర, చేత్తో తిప్పే ఒక పిడి, కాళ్ళతో తొక్కే రెండు పెడళ్ళు. అందులో ఒక ఆట. అచ్చం ఈ కొండల్లోనే హెలికాప్టర్ నడపాలి, చిక్కుకున్నవాళ్ళని తేవాలి, సరుకు దించాలి.

"నాలుగు వందల పన్నెండు మందిని కాపాడాను," అన్నాడు, ఎవరినో కొట్టబోతున్నట్టు. "గ్యాస్ బండలు, రేకులు, ఉప్పు, ఏది మొయ్యమంటే అది మోశాను. మంచులో కాలు విరిగినోణ్ణి తెచ్చాను, ఊపిరాడనోణ్ణి తెచ్చాను. అందరూ శిఖరాలెక్కడానికొచ్చిన ఎర్ర కోటోళ్ళే. గడ్డి కోస్తూ జారిపడిన ఆడమనిషి ఒక్కతి లేదు అందులో."

ఆ ఆడమనిషి అతని భార్య యాంగ్జీ. మూడేళ్ళ కిందట కొండ అంచున గడ్డి కోస్తూ పడింది. తొడ ఎముక బయటికొచ్చింది. ఫోన్ చేస్తే హెలికాప్టర్ వచ్చింది కూడా. ఊరి మీద మూడు సార్లు తిరిగి, దిగకుండానే వెళ్ళిపోయింది. దిగడానికి వీలులేని చోటు అని కెప్టెన్ కాగితం మీద రాశాడట. గ్యాల్జెన్ ఆమెను వీపున మోసుకుంటూ ఫాప్లు ఆసుపత్రికి బయల్దేరాడు. రెండో రోజు పొద్దున, ఈ దారిలోనే ఎక్కడో, వెనక నుంచి మూలుగు ఆగిపోయింది.

"ఈ గంపలోనే," అన్నాడు.

ఒక మలుపు దాటాక మళ్ళీ అందుకున్నాడు.

"ఆ కెప్టెన్ ఇప్పుడు ఫాప్లులో ఉన్నాడు. మానంధర్. దీని ముందు కూర్చోబెడతాను. మా ఊళ్ళో దించమంటాను. దించుతాడు. నేను వెయ్యి సార్లు దించాను, ఆయన దించలేడా? అప్పుడు తన నోటితో చెప్పాలి, దిగొచ్చని."

"చెబితే ఏమొస్తుంది?"

"ఏమీ రాదు. చెప్పాలి, అంతే."

ఈ కొండల గురించి తెల్లవాళ్ళు రాసిన పుస్తకాలు నేను చాలానే చదివాను. శిఖరం ఎత్తు అడుగులతో సహా ఉంటుంది, గుడారంలో టీ కాచిన మనిషికి పేరుండదు. పటాలు గీసినవాళ్ళూ అంతే, ఊళ్ళున్న చోట పచ్చరంగు పూసి చేతులు దులుపుకున్నారు. ఆ పటాల మనవడే ఈ ఆట. గోమ్‌డింగ్ ఉండాల్సిన చోట ఒట్టి వాలు ఉందట. ఇల్లూ లేదు, మనిషీ లేడు. గ్యాల్జెన్ రెండు చలికాలాలు కూర్చుని ఆటలో ఊరిని తనే కట్టాడు. ముప్పై నాలుగు ఇళ్ళు, మఠం, మంత్రాలు చెక్కిన రాళ్ళ గోడ, బంగాళాదుంపల మడులు.

"పక్కింటోడి మరుగుదొడ్డి కూడా పెట్టాను. దారిలోకి రెండు జానలు జరిపి కట్టాడు దొంగ. ఉన్నదున్నట్టు పెట్టాను."

ఫాప్లులో పొగమంచు పట్టేసింది. హెలికాప్టర్లన్నీ నేల మీదే ఉన్నాయి. బుద్ధిమాయ టీ కొట్టులో కెప్టెన్ మానంధర్ ఒక్కడే కూర్చుని ఉడికిన బంగాళాదుంప తొక్క వలుస్తున్నాడు. నలభై దాటని మనిషి, కళ్ళ కింద నలుపు. గ్యాల్జెన్ అతని పళ్ళెం పక్కకి నెట్టి తెర నిలబెట్టాడు.

"దీదీ, కరెంటు ఎక్కడ?"

"వచ్చీ రాగానే నా కొట్లో సినిమా ఆడిస్తావా దాయ్?" అంది బుద్ధిమాయ. దాయ్ అంటే అన్న. అతని మొహం చూసి మరో మాట అనకుండా తీగ అందించింది.

"గోమ్‌డింగ్," అన్నాడు గ్యాల్జెన్.

కెప్టెన్ చెయ్యి బంగాళాదుంప మీదే ఆగిపోయింది. ఎవరు, ఎందుకు అని అడగలేదు. పిడి అందుకున్నాడు. లోయ దాటాడు, మఠం కప్పు మీదుగా వంగాడు, పొలంలో మెత్తగా దించాడు. గాల్లోకి లేపి మళ్ళీ దించాడు.

"చెప్పు," అన్నాడు గ్యాల్జెన్. "దిగొచ్చు అని చెప్పు."

కెప్టెన్ తెరకి మొహం దగ్గరగా పెట్టి ఊరంతా తిప్పి చూశాడు. "ఇదేంటి, మరుగుదొడ్డా?"

"అవును."

"మరుగుదొడ్డి పెట్టావు. తాడేది?"

గ్యాల్జెన్ తెర మీదికి వంగాడు.

"మఠం కప్పు నుంచి బడి స్తంభం దాకా, పొలానికి అడ్డంగా, మంత్రాల జెండాల తాడు. అప్పుడే కట్టారు, రంగులు మెరుస్తున్నాయి. నా రెక్కల గాలికి ఆ గుడ్డలు లేచి చుట్టుకున్నాయంటే నేనూ మీ ఊరూ కలిసే పోయేవాళ్ళం. తాడు తియ్యండి అని మూడు సార్లు చెయ్యి ఊపాను." అతనికీ కోపం వచ్చింది. "మీరందరూ నాకు దండం పెట్టారు, దాయ్. దండం పెట్టారు."

"అది ఆమె ప్రాణం నిలవాలని కట్టిన తాడు."

"ఎవరు కట్టారు?"

టీ పోస్తున్న బుద్ధిమాయ కెటిల్ దించేసి, కెప్టెన్ వైపు తిరిగింది.

"నువ్వు పెద్ద చదువుకున్నవాడివి గదా కెప్టెన్ సాబ్. ఓ చీటీ రాసి రాయికి కట్టి విసిరితే నీ సొమ్మేం పోయేది? చేతులూపితే మాకేం అర్థమవుతుంది?"

కెప్టెన్ తల దించుకున్నాడు. "రాసుండొచ్చు. తట్టలేదు." పిడి మీద నుంచి చెయ్యి తీశాడు. "మూడేళ్ళుగా రోజూ తడుతోంది." తర్వాత గ్యాల్జెన్‌ని అడిగాడు, "ఇప్పుడూ ఉందా అక్కడ?"

"ప్రతి లోసార్ పండక్కీ కొత్తది కడతాను. ఆమె పేరు మీద."

"అయితే రేపు మీ ఊరి నుంచి ఇంకో ఫోనొచ్చినా, నేనొస్తాను, మూడు సార్లు తిరుగుతాను, వెళ్ళిపోతాను. కోసెయ్యి దాన్ని."

గ్యాల్జెన్ బల్ల మీద గుద్దాడు. గ్లాసు దొర్లి టీ నా ఒళ్ళో పడింది.

"కొయ్యమంటావా? కొయ్యమని నోరెలా వచ్చింది నీకు? ఆ తాడుని కొయ్యరు. నేల తగలనివ్వరు. ముడి విప్పి, మడిచి పెడతారు."

"సరే, విప్పుతారు." కెప్టెన్ గొంతు తగ్గింది. "విప్పడానికి ఎంతసేపు?"

గ్యాల్జెన్ తన చేతి వేళ్ళ వైపు చూసుకున్నాడు, అవి ఎవరివో అన్నట్టు.

"నేను కట్టిన ముడే," అన్నాడు. "ఓ నిమిషం."

బుద్ధిమాయ మూలకి తిరిగి పొయ్యిలో లేని మంటను ఊదింది. నాకు ఆ నిమిషం పక్కన ఒకటిన్నర రోజుల దారి కనిపించింది, ఆ దారిలో గంప కనిపించింది. ఎవరి మీద కోప్పడాలో తెలియక, ఎర్ర కోట్ల మీదా, పచ్చరంగు పూసిన పటాల మీదా కోపం తెచ్చుకున్నాను. అదైతే తేలిక.

అతను లేచాడు. ఖాళీ గంప వీపుకి తగిలించుకుని, ముడేసిన పట్టీ నుదుటి మీదికి లాక్కున్నాడు.

"దాయ్, నీ హెలికాప్టర్," అంది బుద్ధిమాయ.

అతను వెనక్కి తిరగలేదు. నాతో గానీ, కెప్టెన్‌తో గానీ వెళ్ళొస్తానని అనలేదు. మంచులో, తన ఊరికి పోయే దారి పట్టాడు. ఎక్కేటప్పుడు బరువు మోసేవాడు నడిచినట్టే నడుస్తున్నాడు, గంపలో ఏమీ లేకపోయినా.

బల్ల మీద తెరలో, బంగాళాదుంపల పొలం మధ్య, రెక్కలు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. వాటిని ఎలా ఆపాలో కెప్టెన్‌కి తెలుసు. అతను ఆపలేదు.