సామ చేలో పియానో కాసెట్

నూట యాభై ఏళ్ల కిందట ఎవరో విదేశీయుడు కష్టపడి రాసుకున్న సంగీతాన్ని మా సామ చేలో కర్రలకు కట్టి ఎండబెట్టిన ఘనత నాది. ఆ గండం ఎలా తెచ్చిపెట్టానో చెబుతాను. నవ్వుకోండి, నవ్వుకు ఖర్చు లేదు.

అరకు కొండల్లోకి సెల్‌ఫోన్లు రాని రోజులవి. సామలు గింజ పట్టగానే పిట్టలు పెళ్లివారిలా దిగేవి, పిలవకుండానే. పాడైన కాసెట్‌లోంచి రిబ్బను లాగి చేనంతా కడితే ఎండకు మెరుస్తుంది, గాలికి జుమ్మని మోగుతుంది, పిట్ట వాలదు. మా ఊళ్లో అందరూ చేసే పనే. సంతలో పాడైన కాసెట్లు అమ్మేవారు కూడా. పాడైనదాన్ని డబ్బిచ్చి కొనే మనిషిని కాను నేను.

మా మనవరాలు మార్త సంచిలో ఒక కాసెట్ కనిపించింది. అన్యాయంగా లాగెయ్యలేదు సుమండీ, టేప్‌రికార్డర్‌లో పెట్టి విచారణ జరిపాను. బ్యాటరీలు పాతవే, ఎండలో పెట్టి మళ్లీ మళ్లీ బతికించినవి. చెవి ఆనించి విన్నాను. పక్క ఊళ్లో చీమ తుమ్మినట్టుంది, అంతే. ఎంతసేపు కూర్చున్నా ఒక్కరూ నోరు విప్పి పాడలేదు. ఖాళీ కాసెట్ అని తీర్పు చెప్పి చేనుకు పట్టుకుపోయాను.

సాయంత్రం మార్త, వాళ్ల సంగీతం టీచరు కలిసి వచ్చారు.

"మామ్మా, నా సంచిలో కాసెట్ తీసినావేటి?"

"ఖాళీదే గుంటా. సేనుకి కట్టీసాను. ఒక్క పిట్టా వాల్నేదు."

మా గుంట మార్త అక్కడే కూలబడింది. టీచరు నిదానంగా చెప్పింది.

"మామ్మగారూ, అది ఖాళీది కాదండి. పియానో సంగీతం. అది రాసిన దొరగారివి పేరున్న రచనలు ఎక్కడైనా దొరుకుతాయి. ఇది ఎవరూ వాయించరు. అందరూ వాయించేది వాయిస్తే విశాఖలో మార్తకు సంగీతం సీటు రాదని, ఏరికోరి తెప్పించాను. పరీక్ష వచ్చే వారమే."

"ఎవలూ పాడనేదు కదమ్మా అందులో."

"పాడరండి, వాయిస్తారు. మొదట్లో చాలా మెల్లగా ఉంటుంది."

"మెల్లగంటే? మా ముసలోడు ఇంకొంచెం కూర అడిగినట్టా?"

టీచరు నవ్వలేదు. మార్త కళ్లు తుడుచుకుంటూ, "నా సీటు పోయినట్టే మామ్మా," అంది.

వెంటనే ముగ్గురం చేలో పడ్డాం. పిట్టలు చెట్టెక్కి, మేం ఎప్పుడు కట్లు విప్పుతామా అని చూస్తున్నాయి. ఆ ఏడు సామలు వాటికే ముట్టాయి. గాలికి తెగిన రిబ్బను ముక్కలన్నీ ఏరి, అతికించి, పెన్సిల్‌తో చుట్టాం. ఏ ముక్క ముందో ఏది వెనకో టీచరుకే సరిగా గుర్తు లేదు, అంత అరుదైన సంగీతం. కొత్త బ్యాటరీలు నేనే కొన్నాను, ఆ బాధ వేరే చెప్పుకోవాలి. మార్త విన్నది విన్నట్టు చర్చిలో కీబోర్డు మీద నేర్చుకుంది.

పరీక్షకు మార్త వెంట నేనూ రైల్లో బొర్రా సొరంగాలు దాటి విశాఖ వెళ్లాను. పరీక్ష గదిలో గుంట మెల్లగా మొదలుపెట్టింది. కాసేపటికి పిడుగులు పడ్డట్టు వాయించి ఆపేసింది. అయిపోయిందనుకుని పరీక్ష పెట్టే పెద్దాయన కలం తీశాడు. అది మళ్లీ మెల్లగా మొదలెట్టింది. ఆయన కలం కింద పెట్టి కళ్లు మూసుకున్నాడు.

చివరికి అన్నాడు: "ఈ రచన నేనెప్పుడూ వినలేదు. ముగింపును మధ్యలో పెట్టి మళ్లీ మొదలుపెట్టడం ఆ మహానుభావుడికే చెల్లింది. సీటు ఇస్తున్నాం."

"అది మా మామ్మ..." అంటూ మార్త నోరు తెరిచింది. కాలు తొక్కాను.

తిరుగు రైల్లో ప్రభువు మీద ఒట్టేసుకున్నాను. ఇకమీదట కొత్త బ్యాటరీలు వేసి చివరిదాకా వినకుండా ఏ కాసెట్‌నూ చేనుకు కట్టను. బ్యాటరీలు మాత్రం కాసెట్ ఎవరిదో వాళ్లే తెచ్చుకోవాలి.