సొంత పాదు గుమ్మడికాయ

భీమడోలు నుంచి కొల్లేటి వైపు వెళ్ళే రోడ్డు మీదున్న ఆ హైస్కూల్లో గిరాకీ, సరఫరా పాఠం అంటే ఆనంద్ పాల్ మాస్టారే చెప్పాలి. స్కేలు పట్టకుండా గీసేవారు. నీలం సుద్దతో కిందికి వాలే గీత గిరాకీ, ఎర్ర సుద్దతో పైకి లేచే గీత సరఫరా. రెండూ కలిసిన చోట తెల్లగా ఒక చుక్క పెట్టి, పిల్లల వైపు తిరిగి, "ఇదీ ధర" అనేవారు. ఆ చుక్క పడేదాకా క్లాసు కిక్కురుమనేది కాదు. ఎప్పుడో చదువుకుని ఇప్పుడు చేపల లారీలు తోలుకుంటున్నవాళ్ళు కూడా రోడ్డు మీద ఆపి, "ఆ చుక్క ఇంకా గుర్తుందండి మాస్టారూ" అంటారు. ఆ మాట విన్న రోజు ఆయన బండి నెమ్మదిగా నడుపుకుంటూ ఇంటికి వెళ్తారు.

ఈ ఏడు జూన్‌లో నిహారిక వచ్చింది. ఆమెదీ సోషలే. తొమ్మిదో తరగతి ఎ సెక్షన్ ఆయనది, బి సెక్షన్ ఆమెది. మధ్య గోడ పైకప్పుని తాకదు. ఒక గదిలో దగ్గితే రెండో గదిలో వినపడుతుంది.

తాడేపల్లిగూడెంలో నిహారిక నాన్నగారికి ఉల్లిపాయల హోల్‌సేల్ కొట్టు ఉంది. ఆమె అక్కణ్ణించి ఒక సంచీ ఉల్లిపాయలు తెచ్చి, సగంమంది పిల్లల్ని బల్లల వెనక కొట్లవాళ్ళుగా కూర్చోబెట్టింది. మిగతావాళ్ళ చేతుల్లో డబ్బుకి బదులు చింతపిక్కలు పోసి, బేరమాడి కొనుక్కోమంది. ఎవరి దగ్గర ఎక్కువ పిక్కలు మిగిలితే వాళ్ళకి చాక్లెట్. ఒకరోజు కొట్లు తగ్గించింది, మర్నాడు పెంచింది. ధర ఎక్కడం, దిగడం పిల్లలకి అరచేతిలో తెలిసింది.

ఆనంద్ పాల్ చుక్క పెట్టబోతుండగా గోడ మీదుగా నవ్వులు వచ్చిపడ్డాయి. ఆయన క్లాసు మొత్తం ఆ గోడ వైపు చూసింది. చుక్క గీతల మీద కాక కాస్త పక్కన పడింది.

"మాకెప్పుడండి బేరాల ఆట?" అని బెల్లు కొట్టాక ఒక పిల్ల అడిగింది.

"పరీక్షలో ఉల్లిపాయలు ఇవ్వరమ్మా, బొమ్మ గియ్యమంటారు" అన్నారాయన. అన్నాక, అంత పుల్లవిరిచినట్టు అనకుండా ఉండాల్సిందనిపించింది. మర్నాడు మళ్ళీ నవ్వులు వినపడగానే ఆ అనిపించడం పోయింది.

ఇంట్లో భార్య సరోజ ఆయన ముఖం చూసి, "మళ్ళీ ఆ అమ్మాయేనా?" అంది. "కోత పండక్కి కూడా ఇలాగే పెట్టారు ముఖం. ఇస్సాకు గారు వేలంలో మన గుమ్మడికాయ పాడుతున్నారని."

"ఇప్పుడదెందుకు?"

"ఎందుకేంటండీ? మన పాదు కాయ, మనం దేవుడికిచ్చిన కాయ, మళ్ళీ మనమే వెయ్యి దాటించి కొనుక్కొచ్చాం. ఇంట్లో ఉన్నప్పుడు పులుసు పెడతానంటే గుమ్మడికాయ పడదన్నారు!"

కోత పండుగ నాడు సంఘంలో అందరూ పండినవి తెచ్చి చర్చిలో పెడతారు. వాటిని వేలం వేస్తారు. పాడుకున్నవాళ్ళు తరచు ఆ వస్తువుని తిరిగి బల్ల మీద పెట్టి, మళ్ళీ పాడమంటారు. డబ్బు చర్చికి పోతుంది, పేరు పాడుకున్నవాళ్ళకి వస్తుంది. ఇస్సాకు ఐసు ఫ్యాక్టరీ పెట్టిన దగ్గర్నించి ఆ పేరు ఏటా ఆయనకే వస్తోంది.

చుట్టుపక్కల మండలాల సోషల్ టీచర్లు ఆ నెల ఈ స్కూల్లో కూడుకోవాలి. వాళ్ళ ముందు మాదిరి పాఠం చెప్పడం ఆనవాయితీగా ఆనంద్ పాల్ వంతు. ఆయన కొత్త రంగు సుద్దలు కూడా కొన్నారు. హెడ్మాస్టరు పాపారావు గారు ఆయన్ని పక్కకి పిలిచి, "ఈసారి నిహారిక గారిని చెప్పనిద్దామండీ. మీది అందరూ చూసిందే కదా" అన్నారు.

చూసిందే. ఆ మాట ఆయనకి అన్నంలో రాయిలా తగిలింది.

ఆ సాయంత్రమే నిహారిక ఆయన బల్ల దగ్గరికి వచ్చింది. "మాస్టారూ, బేరాలంటే టైము చాలదండి. వేలం పెడదామనుకుంటున్నాను. మా మార్కెట్లో చూశాను కదా, చకచకా తేలిపోతుంది. మీరేమంటారు?"

ఆనంద్ పాల్ సుద్దల పెట్టెకి మూత పెట్టారు. బి సెక్షన్లో సగంమంది ఆయన చర్చి పిల్లలే. వాళ్ళు పుట్టి బుద్ధెరిగాక చూసిన వేలం ఒక్కటే. అందులో చవగ్గా వస్తే సంతోషించేవాడు ఉండడు. అది చెప్పడానికి ఒక్క నిమిషం చాలు.

"బాగుంటుందమ్మా" అన్నారు.

పాఠం రోజు ఆయన వెనక బెంచీలో కూర్చున్నారు. మొదట మూడే ఉల్లిపాయలు వేలానికి వచ్చాయి. ధర బాగా పలికింది. టీచర్లు తలలూపారు. తర్వాత నిహారిక నిండు బుట్ట బల్ల మీద పెట్టింది. "ఇప్పుడు సరుకు ఎక్కువైంది. చూద్దాం, ధర ఏమవుతుందో."

మొదటి ఉల్లిపాయకి ఏసుకుమార్ అయిదు పిక్కలన్నాడు. గ్రేస్ పది అంది. గ్రేస్ ఇస్సాకు కూతురు. ఏసుకుమార్ లేచి నిలబడి పదిహేనన్నాడు.

"బుట్ట నిండా ఉన్నాయి కదా, ఎందుకు తొందర?" అంది నిహారిక.

"ఇరవై!" అంది గ్రేస్.

చివరికి ఏసుకుమార్ తన పిక్కలన్నీ పోసి ఒక ఉల్లిపాయ తీసుకున్నాడు. దాన్ని మళ్ళీ భక్తిగా బల్ల మీద పెట్టి, "ఇంకోసారి పాడండి మేడమ్" అన్నాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు. వచ్చిన టీచర్లు నవ్వు ఆపుకోలేకపోయారు. పాపారావు గారు ఫ్యాను వైపు చూశారు. నిహారిక చెవులు ఎర్రబడ్డాయి. ఆనంద్ పాల్‌కి చాలా రోజుల తర్వాత ఊపిరి హాయిగా ఆడింది.

నిహారిక బుట్ట పక్కకి జరిపింది. "గ్రేస్, ఎందుకు ఆగలేదు నువ్వు?"

"ఏసుకుమార్ పాడుతుంటే ఎలా ఆగుతామండి? మా కోత పండగలో అంతేనండి. మొన్న మాస్టారు గారైతే వాళ్ళ పాదు కాయ వాళ్ళే పాడేసుకున్నారండి, మా డాడీకి దక్కనివ్వకుండా."

తలలన్నీ వెనక బెంచీ వైపు తిరిగాయి.

"నిజమేనా మాస్టారూ?" అని ఉంగుటూరు నుంచి వచ్చిన టీచరొకాయన అడిగాడు.

ఆనంద్ పాల్ లేచారు. "నిజమే. ఇంటి దగ్గర పాదుకి ఇంకో రెండు కాయలున్నాయి. అయినా పాడాను."

"ఎందుకండి?" అంది నిహారిక. ఆమె గొంతులో ఎకసెక్కెం లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది.

"ఇస్సాకు గారు పాడారు గనక."

గది గొల్లుమంది. నిహారిక నీలం సుద్ద ముందుకి చాపింది. ఆయన బోర్డు దగ్గరికి వెళ్ళి గీతలు గీసి, గిరాకీ గీతకి కుడిపక్కన ఇంకో నీలం గీత గీశారు. చుక్క పైకి జరిగింది. "పక్కవాడు అడిగాడని మనకీ కావాల్సొచ్చింది. కాయ అదే, గీత జరిగింది." స్కేలు లేకపోయినా గీత వంకర పోలేదు.

అయ్యాక అందరూ నిహారిక చుట్టూ మూగి చింతపిక్కల సంగతి అడిగారు. సుద్ద సంగతి ఎవరూ అడగలేదు.

వాళ్ళు వెళ్ళాక ఆమె ఉల్లిపాయలు సంచీలోకి ఎత్తుతూ, "వేలం అన్నప్పుడే మీకు తెలుసు కదండీ" అంది.

"తెలుసమ్మా."

ఆమె సంచీ మూతి కట్టింది. కట్టిన ముడి విప్పి మళ్ళీ కట్టింది. "బోర్డు మీద నా గీతలు వంకర పోతాయండి. రేపు మా సెక్షన్‌కి మీరు రండి. మీ పిల్లలకి నేను ఆట పెడతాను."

తిట్టినా బాగుండేది. ఇలా ఊరుకోవడంలోనూ ఈ పిల్లదే పైచెయ్యా అనుకున్నారాయన. ఇంటికెళ్ళేదాకా అదే అనుకున్నారు.

మర్నాడు ఆయన బి సెక్షన్ బోర్డు మీద నీలం గీత గీశారు. ఎర్ర గీత సగంలో ఉండగా గోడ అవతల నవ్వులు లేచాయి. అవి ఆయన సొంత పిల్లల నవ్వులు. ఆయన దగ్గర వాళ్ళెప్పుడూ అలా నవ్వలేదు.

ఆయన సుద్ద కింద పెట్టి, కుర్చీ ముందుకి లాక్కున్నారు.

"గుమ్మడికాయ కథ గ్రేస్ సగమే చెప్పింది. నేను మొత్తం చెప్పనా?"

"ఆయ్!" అన్నారు పిల్లలు.

సరోజ అన్న పులుసు మాట దాకా వచ్చేసరికి క్లాసు బల్లలు చరుస్తూ నవ్వుతోంది. గోడ అవతల ఒక్క క్షణం చప్పుడు ఆగింది. ఎ సెక్షన్ చెవులు ఇటు తిరిగాయి.

ఆనంద్ పాల్ గొంతు ఇంకాస్త పెంచారు.